మనతో కాపురముండే తెల్లబూజు

పసిబిడ్డ నాలుక మీద పెరుగు అంటుకున్నట్లు తెల్లని పొర కనబడితే నోటిపూత అంటాము. రంగు కార్ఖానాలో రోజంతా తడిచేతులతో పనిచేసే మనిషికి గోళ్ళ మొదళ్ళు వాచి నెలల తరబడి మానకపోతే గోరుచుట్టు అంటాము. షుగరు ఉన్న పెద్దాయనకు గజ్జల్లో చర్మం ఎర్రబడి ఒరిసిపోతే ఎండకాలపు చెమట అంటాము. ఆడవాళ్ళు నలుగురిలో చెప్పుకోలేక లోలోపల బాధపడేదాన్ని తెల్లబట్ట అంటాము. నాలుగు బాధలకు నాలుగు పేర్లు, నాలుగు రకాల చిట్కాలు. అయితే ఈ నాలుగింటి వెనకా చాలాసార్లు ఉండేది ఒకే ఒక జీవి. దాని పేరు కాండిడా.

ఇది పురుగు కాదు, మనం మామూలుగా వినే బాక్టీరియా కూడా కాదు. బూజు జాతికి చెందినది. కల్లును పొంగించే ఈస్టు, మన చౌకులో పావు రొట్టెను ఉబ్బించే ఈస్టు ఉన్నవే, వాటికి దూరపు చుట్టం. ఒక్కొక్క కణం తలవెంట్రుక మందంలో పదో పదిహేనో వంతు ఉంటుంది. గుండ్రంగా గాని కోలగా గాని ఉండి, పక్కన చిన్న మొగ్గ తొడిగి, ఆ మొగ్గ విడిపోయి ఇంకొక కణం కావడం దాని వంశాభివృద్ధి. కాండిడాలలో చాలా రకాలున్నా మనుషుల్ని ఎక్కువగా పట్టేది ఆల్బికన్స్ అనే రకం.

పేరు సంగతి ఒకటి చెప్పాలి. లాటిన్ భాషలో కాండిడా అంటే తెల్లనిది అని అర్థం. పూర్వం రోము నగరంలో పదవులకు నిలబడేవాళ్ళు తమ పైబట్టకు సుద్ద పట్టించి తెల్లగా మెరిపించుకుని వీధుల్లో తిరిగేవారట. ఆ తెల్లబట్టను టోగా కాండిడా అనేవారు. ఎన్నికల్లో నిలబడేవాణ్ణి ఇంగ్లీషులో కాండిడేట్ అనడం అందులోనుంచే వచ్చింది. రోమువాళ్ళ తెల్లబట్టకూ మన ఆడవాళ్ళ తెల్లబట్టకూ మాటలో పోలిక కలవడం కాకతాళీయమే గాని, బట్టలు నేసి బతికే మనబోటివాళ్ళకు ఆ పేరు మరచిపోవడం కష్టం.

ఈ రోగం కొత్తది కాదు. గ్రీకు వైద్యుడు హిపోక్రటీసు నాటి గ్రంథాల్లోనే నోటి తెల్లపూత ప్రస్తావన ఉన్నది. 1839లో లాంగెన్‌బెక్ అనే జర్మను వైద్యుడు టైఫాయిడు రోగి గొంతులోని పూతలో బూజును చూశాడు. 1853లో ఫ్రెంచివాడైన రోబిన్ దానికి ఆల్బికన్స్ అని పేరు పెట్టాడు. కాండిడా అనే ఇంటిపేరు మాత్రం 1923లో క్రిస్టీన్ బెర్క్‌హౌట్ అనే డచ్చి విదుషీమణి పెట్టినది.

ఇక అసలు సంగతి. ఈ బూజు బయటినుంచి వచ్చిపడే శత్రువని చాలామంది అనుకుంటారు. అది సరికాదు. బిడ్డ పుట్టేటప్పుడు తల్లినుంచో, పుట్టిన తరువాత ఎత్తుకున్నవాళ్ళ చేతులనుంచో, మొదటి కొద్దిరోజుల్లోనే ఇది బిడ్డను చేరుతుంది. తరువాత నోట్లో, పేగుల్లో, చర్మపు మడతల్లో, స్త్రీల జననమార్గంలో అద్దెకు దిగుతుంది. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళను వరుసగా నిలబెట్టి పరీక్షిస్తే ఇంచుమించు సగంమంది నోట్లోనో పేగుల్లోనో ఇది ఉంటుంది. వాళ్ళకు ఏ బాధా ఉండదు. కనుక పరీక్షలో కాండిడా కనబడినంత మాత్రాన రోగమున్నట్లు కాదు. అది ఉండడం వేరు, తిరగబడడం వేరు.

దాన్ని అదుపులో ఉంచేవి మూడు. మొదటిది ఇరుగుపొరుగు. మన శరీరంలో కాపురముండే మంచి బాక్టీరియా చోటునూ తిండినీ ఆక్రమించుకుని, కొన్ని పుల్లని ఆమ్లాన్ని పుట్టించి, బూజును మూలకు నెట్టి ఉంచుతాయి. రెండవది చెక్కుచెదరని చర్మమూ, నోటి లోపలి పొరా. మూడవది రక్తంలోని తెల్లకణాల కాపలా. ఈ మూడింటిలో ఏది సడలినా, ఇన్నాళ్ళూ గుండ్రని కణంగా పడి ఉన్నది రూపం మార్చుకుంటుంది. కణంనుంచి సన్నని పోగు బయటికి వస్తుంది. ఆ పోగు పొడవై, పక్కలకు చీలి, మెత్తని పొరలోకి దారపు సూదిలా దిగుతుంది. లేబరేటరీలో దీన్ని కళ్ళారా చూడవచ్చు. ఆల్బికన్స్‌ను మనిషి రక్తపు సీరంలో వేసి శరీరపు వేడిలో ఉంచితే రెండు మూడు గంటల్లో పోగులు మొలుస్తాయి. దాన్ని గుర్తుపట్టడానికి 1960 నుంచి వాడుకలో ఉన్న పరీక్ష ఇదే. ఆ పోగులు కాండిడాలైసిన్ అనే విషాన్ని కూడా వదులుతాయని, దానివల్లనే కణాలకు తూట్లు పడుతున్నాయని 2016లో తెలిసింది.

పోగుల పని అంతటితో ఆగదు. కట్టుడుపళ్ళ మీదా, ఆసుపత్రిలో మూత్రానికి వేసిన గొట్టం మీదా, నరంలోకి పెట్టిన ప్లాస్టిక్ నాళం మీదా ఇవి అడ్డదిడ్డంగా అల్లుకుని, మధ్యలో జిగురు పట్టించి, ఒక దట్టమైన గుడ్డలాగా తయారవుతాయి. గంజి పట్టించిన పడుగులో నీళ్ళు అంత తొందరగా ఇంకవని మనకు తెలుసు. ఆ జిగురు గుడ్డలోకి మందూ అలాగే ఇంకదు. అందుకే అటువంటి రోగికి మందుతోపాటు ఆ నాళాన్ని కూడా తీసివేయాలని వైద్యులు పట్టుబడతారు.

ఇరుగుపొరుగు బాక్టీరియా సంగతి వచ్చింది గనుక మన తెలుగువాడొకరిని తలచుకోవాలి. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో లెడర్లీ సంస్థ పరిశోధనాలయానికి అధిపతిగా ఉన్నారు. ఆయన అన్నదమ్ములిద్దరు సంగ్రహణితో పోయారు. ఆయనకూ ఆ జబ్బు పట్టి తప్పింది. 1910ల దశకంలో పోర్టోరికోలోని ఆష్‌ఫర్డ్ అనే వైద్యుడు సంగ్రహణికి కారణం ఈ కాండిడా జాతి బూజేనని వాదించాడు. ఆ రోజుల్లో దీన్ని మొనీలియా అనేవారు. ఆ వాదం తరువాత నిలవలేదు. 1945లో సుబ్బారావుగారి బృందం కృత్రిమంగా తయారుచేసిన ఫోలిక్ ఆమ్లమే ఆ రోగులకు పనికివచ్చింది.

ఆయన పర్యవేక్షణలోనే డగ్గర్ అనే వృద్ధ శాస్త్రజ్ఞుడు మట్టిలోని ఒక జీవినుంచి ఆరియోమైసిన్ అనే మందు తీశాడు. అది 1948లో లోకానికి వెల్లడైంది. టెట్రాసైక్లిన్ జాతి మందులకు అది పెద్దన్న. ఎన్నో రకాల బాక్టీరియాను ఒక్క దెబ్బతో చంపింది, లక్షలమందిని బ్రతికించింది. సుబ్బారావుగారు ఆ సంవత్సరం ఆగస్టులోనే కన్నుమూశారు. ఆ తరువాత రెండు మూడేళ్ళలోనే వైద్యులు ఒక వింత గమనించారు. న్యుమోనియా తగ్గి ఇంటికి వెళ్ళవలసిన రోగి నోట్లో, గొంతులో, కింద తెల్లపూత లేస్తున్నది. మందు చెడ్డ బాక్టీరియాతోపాటు మంచి పొరుగునూ చంపివేసింది. బూజు మాత్రం బాక్టీరియా కాదు గనుక దానికి ఆ మందు అంటలేదు. వీధి ఖాళీ అయింది, కదలక మిగిలినవాడు ఇళ్ళన్నీ ఆక్రమించుకున్నాడు.

దానికి విరుగుడు కనిపెట్టింది ఇద్దరు ఆడవాళ్ళు. న్యూయార్కు రాష్ట్ర ఆరోగ్యశాఖలో ఎలిజబెత్ హేజెన్ న్యూయార్కు నగరంలోనూ, రాచెల్ బ్రౌన్ ఆల్బనీలోనూ ఉద్యోగం చేసేవారు. ఊరూరి మట్టి తెప్పించి, అందులో బూజును చంపే జీవి ఉన్నదేమోనని హేజెన్ వెదికేది. దొరికినదాన్ని గాజుసీసాలో పెట్టి టపాలో ఆల్బనీకి పంపేది. బ్రౌన్ అందులోని సారాన్ని వేరుచేసి మళ్ళీ టపాలో తిప్పి పంపేది. వర్జీనియాలో ఒక స్నేహితుని పాడిపశువుల పొలంలోని మట్టి చివరకు ఫలించింది. 1950లో వాళ్ళు ప్రకటించిన ఆ మందుకు తాము పనిచేసిన న్యూయార్కు స్టేట్ పేరు కలిసివచ్చేటట్టు నిస్టాటిన్ అని పేరు పెట్టారు. దాని మీద వచ్చిన కోటీ ముప్ఫయి లక్షల డాలర్లలో తమకోసం పైసా తీసుకోకుండా అంతా శాస్త్రపరిశోధనకే ఇచ్చివేశారు. 1966లో ఇటలీలో ఫ్లారెన్సు నగరాన్ని వరద ముంచినప్పుడు బూజుపట్టిన చిత్రాలను కాపాడడానికి కూడా ఆ మందు వాడారు. బూజులను పరిశోధించే హెస్సెల్టైన్ అనే ఆయన 1953లో ఒక కొత్త బూజుకు సుబ్బారోమైసిస్ అని మన సుబ్బారావుగారి పేరు పెట్టాడు. బూజుకు పేరు పెట్టడమేమిటని నవ్వుకోవద్దు, శాస్త్రజ్ఞుల లోకంలో అది పెద్ద గౌరవం.

ఈ కథ ఇంత పొడుగు చెప్పడానికి కారణం మన మందుల దుకాణాలు. దగ్గు వచ్చినా, విరేచనాలైనా, పంటినొప్పి అయినా చీటీ లేకుండా రెండు రోజుల ఆంటీబయాటిక్ మాత్రలు కొనుక్కుని మింగి సాంచా దగ్గరికి పోవడం మన పేటల్లో మామూలైపోయింది. ఆ దగ్గు వైరసుదైతే ఆ మాత్ర దాన్ని తాకనే తాకదు. మంచి పొరుగును మాత్రం తుడిచిపెడుతుంది. వారం తిరక్కుండా ఇంటి ఆడమనిషికి దురద మొదలవుతుంది. దానికి ఇంకొక మాత్ర, ఆ పైన ఒక ట్యూబు. దురదకని దుకాణంలో ఇచ్చే చాలా ట్యూబుల్లో బూజు మందుతోపాటు ఘాటైన స్టెరాయిడ్ కలిసి ఉంటుంది. రాసిన రెండు రోజులు ఎరుపు పోయి హాయిగా ఉంటుంది, లోపల మాత్రం తెల్లకణాల కాపలా సడలుతుంది. ట్యూబు ఆపగానే ముందుకంటె వెడల్పుగా లేస్తుంది.

నేను వైద్యుణ్ణి కాను. ఇంగ్లీషూ మరాఠీ చదవగల గుమాస్తానని ఇరుగుపొరుగు దవాఖానా కాగితాలు తెచ్చి చదివించుకుంటారు. ఒకసారి పక్క గల్లీనుంచి ఒక పెద్దామె కోడలి రిపోర్టు పట్టుకుని వచ్చింది. కోడలు గుమ్మం అవతలే తలవంచుకుని నిలబడ్డది.

"అన్నా, ఇండ్ల కాండిడా అని రాసిండ్రట. గిది బైటి రోగమా? పుట్టింటికి పోయి వచ్చినంక పట్టింది" అని అడిగింది ఆమె.

"వదినె, ఇది బైటిది కాదు. నీ కడుపుల ఉన్నది, నా నోట్ల ఉన్నది. ఈమధ్య ఆమెకు జ్వరం మాత్రలేమన్నా వాడిండ్రా?" అన్నాను.

వాడారు. ఆమెకు మూడో నెల కూడాను. రిపోర్టు రాసిన డాక్టరమ్మ దగ్గరికే ఇద్దర్నీ మళ్ళీ పొమ్మన్నాను. ఆ కోడలు అప్పుడు తలెత్తి చూసిన చూపు నాకింకా గుర్తున్నది. ఒక తెలియని మాట ఇంట్లో ఎంత అపనింద మోపగలదో నాకు తెలిసింది ఆనాడే.

ఆడవాళ్ళలో నలుగురిలో ముగ్గురికి జీవితంలో ఒకసారైనా ఈ బాధ వస్తుందని వైద్యగ్రంథాలు చెబుతున్నాయి. గర్భిణులకు శరీరంలోని ఈస్ట్రోజెన్ పెరగడంవల్ల ఇంకా ఎక్కువ. నడతకూ దీనికీ సంబంధం లేదు, దీన్ని సుఖరోగాల లెక్కలో వేయరు. భర్తకు దురదో ఎరుపో ఉంటే తప్ప అతనికి మందు అక్కరలేదు. విరిగిన పెరుగులాగా తెల్లగా గడ్డలుగా పోవడం, విపరీతమైన దురద, మంట, వాసన లేకపోవడం దీని లక్షణాలు. దుర్వాసన ఉన్నా, పసుపుపచ్చగానో ఆకుపచ్చగానో ఉన్నా, కడుపులో నొప్పీ జ్వరమూ ఉన్నా అది వేరే జబ్బు, దానికి మందూ వేరే. నెలలో కొన్నిరోజులు పలచగా తెల్లగా పోవడం ఏ జబ్బూ కాదు. ఏది ఏదో తేల్చడానికి కొంచెం తీసి మైక్రోస్కోపు కింద పెట్టి చూస్తే చాలు. మామూలుగా లోపల పెట్టుకునే మందుతోనో ఒక మాత్రతోనో కొద్దిరోజుల్లో తగ్గిపోతుంది. అయితే గర్భిణులకు నోటిమాత్ర కాక లోపల పెట్టుకునే మందే ఇస్తారు. కనుక పొరుగింటామెకు తగ్గిన మాత్ర మనింటి గర్భిణికి మింగించరాదు. ఏడాదిలో మూడుసార్లు తిరగబెడితే షుగరు పరీక్ష చేయించాలి, ఆరునెలల వైద్యం కూడా ఉన్నది. పెరుగు తినడం ఒంటికి మంచిదే గాని దీనికి మందు కాదు. లోపల పెరుగూ వెల్లుల్లీ పెట్టడం, సబ్బుతోనో డెట్టాల్‌తోనో కడగడం మంటను పెంచుతాయి.

పసిబిడ్డల విషయంలో ఒక మాట ఖండితంగా చెప్పాలి. నోటిపూతకు వెలిగారం పొంగించి తేనెలో రంగరించి నాలుకకు రాయడం మన ఇళ్ళలో తరాలుగా వస్తున్నది. వెలిగారం పసిబిడ్డ కడుపులోకి పోతే విషం, ఫిట్స్ వచ్చిన సందర్భాలున్నాయి. ఏడాది నిండని బిడ్డకు తేనె పనికిరాదు, అందులోని ఒక బాక్టీరియా వల్ల కండరాలు చచ్చుబడే జబ్బు రావచ్చు. పాలమరక అయితే మెత్తని తడిగుడ్డతో తుడిస్తే పోతుంది. కాండిడా పూత అంత సులభంగా రాదు, వచ్చినచోట ఎర్రగా కనబడుతుంది. డాక్టరు బిడ్డ నోటికి నిస్టాటిన్ చుక్కలో క్లోట్రిమజోల్ పూతో రాసి ఇస్తారు. తల్లి రొమ్ము మొనల్లో మంట ఉంటే తల్లికీ మందు వేయాలి, లేకపోతే బిడ్డనుంచి తల్లికీ తల్లినుంచి బిడ్డకూ మగ్గంలో నాడె తిరిగినట్లు తిరుగుతూ ఉంటుంది. మన చిన్నతనంలో దవాఖానాలో నోటికి పూసిన ఊదారంగు మందు గుర్తున్నదా? జెంషన్ వయొలెట్ అనే ఆ మందు నిజానికి బట్టలద్దే రంగుల కుటుంబానికి చెందినదే.

పెద్దవాళ్ళ నోట్లో తెల్లదనం ఇంకొక సంగతి. మన పేటల్లో బీడీలు చుట్టే ఆడవాళ్ళు, తంబాకు నమిలేవాళ్ళు, పళ్ళకు మిశ్రీ రుద్దుకునేవాళ్ళు చాలామంది ఉన్నారు. తంబాకు అలవాటున్నవాళ్ళ బుగ్గ లోపల గాని నాలుక పక్కన గాని తుడిస్తే పోని తెల్లమచ్చ ఉంటే అది బూజు కాకపోవచ్చు, కాన్సరుకు ముందు వచ్చే మచ్చ కావచ్చు. నొప్పి లేదని ఊరుకోకుండా పంటి డాక్టరుకు చూపించాలి. నూలుదుమ్ము వల్ల ఆయాసం వచ్చి పంపు పీల్చేవాళ్ళున్నారు. ఆ పంపులో స్టెరాయిడ్ ఉంటుంది, పీల్చిన వెంటనే నీళ్ళు పుక్కిలించి ఉమ్మివేస్తే నోటిపూత రాదు. కట్టుడుపళ్ళు రాత్రి తీసి కడిగి పెట్టాలి. ఏ కారణమూ లేకుండా పెద్దమనిషి నోట్లో గొంతులో తెల్లపూత నిండితే వైద్యులు షుగరుతోపాటు హెచ్‌ఐవీ పరీక్ష కూడా రాస్తారు. అందుకు కోపగించవలసిన పనిలేదు. 1981 జూన్‌లో లాస్ ఏంజెలెస్‌లో ఆ వ్యాధిని మొట్టమొదట వెల్లడిచేసిన అయిదుగురు రోగులకూ ఈ కాండిడా పూత ఉన్నది.

తడిచేతుల సంగతి మనవాళ్ళకు వేరే చెప్పనక్కరలేదు. రంగు తొట్లలో, గంజి తొట్లలో చేతులు పెట్టేవాళ్ళకు, తడిపిన తునికాకు పొద్దంతా కత్తిరించేవాళ్ళకు వేళ్ళ సందులు నాని తెల్లబడతాయి, గోటి మొదట ఉండే సన్నని పొర ఊడిపోతుంది. ఆ సందులో బూజు చేరుతుంది. లోపల నూలు చేతితొడుగు, దానిపైన రబ్బరుది వేసుకుని, పని కాగానే వేళ్ళ మధ్య పొడిగా తుడుచుకోవడమే సగం వైద్యం. గోటి చుట్టూ ఉన్న పొరను కొరకడం, కత్తిరించడం మానాలి. షుగరు ఉన్నవాళ్ళకు గజ్జల్లో, రొమ్ముల కింద, మగవాళ్ళకు చర్మపు ముందుభాగంలో పగుళ్ళు రావడం ఒక్కొక్కప్పుడు షుగరు ఉన్నదని తెలియకముందే తెలిపే గుర్తు. డపాగ్లిఫ్లోజిన్ వంటి షుగరు మాత్రలు చక్కెరను మూత్రంగుండా బయటికి పంపుతాయి గనుక వాటిని వాడేవాళ్ళకు ఆ భాగంలో ఈ బాధ కొంచెం ఎక్కువ. మాత్ర సొంతంగా ఆపక, సిగ్గుపడక, డాక్టరుతో చెప్పాలి.

ఇంతవరకూ చెప్పినవి చికాకుపెట్టేవే గాని ప్రాణం తీసేవి కావు. కాండిడా రక్తంలోకి దిగితే మాత్రం కథ మారుతుంది. అది ఇళ్ళలో జరగదు, ఐసీయూలో జరుగుతుంది. బలమైన ఆంటీబయాటిక్స్, నరంలో నాళం, పొట్ట ఆపరేషను, నెలలు నిండని శిశువు, ఇటువంటివి కలిసినచోట. మనదేశంలో 27 ఐసీయూలలో చేసిన పరిశీలన 2015లో వెలువడింది. చేరిన ప్రతి వెయ్యిమందిలో ఆరు ఏడుగురికి రక్తంలో కాండిడా పట్టింది, వాళ్ళలో నూటికి నలభైనాలుగుమందికి పైగా నెలలోపల పోయారు. మనదేశంలో ఐసీయూ రక్తంలో ఎక్కువగా దొరికినది ఆల్బికన్స్ కూడా కాదు, ట్రాపికాలిస్ అనే దాని తోబుట్టువు.

ఇంకొక తోబుట్టువు ఆరిస్. 2009లో జపానులో ఒక రోగి చెవిలో దొరికినది గనుక చెవి అని అర్థం వచ్చే ఆ పేరు పెట్టారు. 2009 నుంచి 2011 వరకు ఢిల్లీలోని రెండు ఆసుపత్రుల్లో అది రోగుల రక్తంలో పట్టిన వైనం 2013లో ప్రచురితమైంది. 2021లో అండమాన్ దీవుల ఉప్పునేలల్లో, సముద్రపు ఒడ్డున కూడా అది కనబడ్డది. మామూలు మందులు చాలావాటికి లొంగదు. మనిషి ఒంటి మీదా, మంచం కమ్మి మీదా, బీపీ చూసే పట్టీ మీదా రోజులూ వారాలూ బతికి ఉంటుంది. 2022లో ప్రపంచ ఆరోగ్యసంస్థ మనుషులకు ప్రమాదకరమైన బూజుల జాబితా మొదటిసారి ప్రకటించినప్పుడు అన్నిటికంటె పైవరుసలో నాలుగింటిని పెట్టింది. అందులో ఆరిస్ ఒకటి, మన పాత ఆల్బికన్స్ ఇంకొకటి.

కనుక మనవాళ్ళెవరైనా ఐసీయూలో ఉంటే పేటంతా కదిలిపోయి మంచం చుట్టూ చేరడం, ఒక మంచం కమ్మి పట్టుకున్న చేత్తో పక్క మంచం వాళ్ళనూ పలకరించడం తగ్గించాలి. లోపలికి పోయేముందూ వచ్చిన తరువాతా చేతులు కడుక్కోమని నర్సమ్మ గద్దిస్తే నొచ్చుకోవద్దు. నాళం ఇంకా అవసరమేనా అని డాక్టరుగారిని రోజుకొకసారి మర్యాదగా అడగవచ్చు. ఆయనా రోజూ వేసుకోవలసిన ప్రశ్నే అది.